యాక్రిమోనియస్‌కి ఒక ఉదాహరణ

ఆనందకుమారి కావలిలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. మైపాడులో చేపల వేటకు వెళ్ళే ఇళ్ళల్లోంచి అంత దూరం చదివిన మొదటి ఆడపిల్ల ఆమె.

ఆ శుక్రవారం పాఠంలో ‘యాక్రిమోనియస్’ అనే మాట వచ్చింది.

"కొట్లాట అని రాసుకోకండి. ఇందులో దెబ్బలుండవు. మనుషుల మాటల్లో విషం చేరితే అప్పుడు వాడతారు. విడాకులు, వాదన, మీటింగు, ఇలాంటి వాటి ముందు పెడతారు. మనిషి ముందు పెట్టడం తక్కువ" అని వివరించింది.

"మన ఊళ్ళల్లో జరిగేది ఒకటి చెప్పండి మేడమ్" అంది రేవతి అనే విద్యార్థిని.

"ఒక పడవ కోసం అన్నదమ్ములు..." అని మొదలుపెట్టి ఆనందకుమారి ఆగిపోయింది. బెల్లు కొట్టేదాకా బోర్డు తుడుస్తూనే ఉంది.

ఆ అన్నదమ్ములు ఆమె తండ్రి ముత్యాలయ్య, చిన్నాన్న పెంచల్. ఐదేళ్ళ కిందట ఉమ్మడి పడవ ఎవరు నడపాలన్న దగ్గర తగువు పడ్డారు. పెద్దలు సర్దబోతే మాటలు పెరిగాయి. తండ్రి తరఫున లేచిన ఆనందకుమారి, చిన్నమ్మ పేరమ్మ మొహం మీదే "నీ చేతి కూడు తిన్నందుకు సిగ్గుగా ఉంది" అనేసింది. ఆరేళ్ళప్పుడు తల్లి పోతే ఆమెను సాకింది ఆ పేరమ్మే. తర్వాత పడవను అమ్మేశారు. రెండిళ్ళకూ మాటలు మాత్రం లేవు. నిరుడు పెంచల్ మోకాలికి దెబ్బ తగిలినా అన్న చూడబోలేదు.

శనివారమంతా ఆమెకు ఏ పనీ సాగలేదు. పేపర్లు దిద్దబోయి ఒకే వాక్యం మూడుసార్లు చదివింది. ఆదివారం పొద్దున్నే నెల్లూరు బస్సెక్కి, అక్కడ మైపాడు ఆటో పట్టుకుంది. దారిలో రెండుసార్లు దిగిపోదామనుకుంది.

పేరమ్మ ఇసుకలో పట్ట పరిచి చేపలు ఎండబెడుతోంది. తలెత్తి చూసి మళ్ళీ వంగింది.

"చిన్నమ్మా, ఆ రోజు నేనన్న మాట..."

పేరమ్మ చేతులు ఆగాయి. "పడవ పోయినందుకు నేను ఏడవలేదమ్మీ. ఆ మాటకి ఏడ్చినాను. మీ నాయన అనుంటే పడుందును. నువ్వన్నావే!"

"తప్పు చేసినాను చిన్నమ్మా. ఎవరూ అనమన్లేదు, నేనే అన్నాను."

"తెలుసులే."

పోనీలే అనలేదు, పొమ్మనీ అనలేదు. కాకులు వాలుతుంటే, "ఆ కట్టె తీసుకో" అంది. ఆనందకుమారి కట్టె పట్టుకుని పక్కనే కూలబడింది.

కాసేపటికి ముత్యాలయ్య అటుగా వచ్చాడు. కూతుర్ని అక్కడ చూసి నిలబడిపోయాడు. ఆమె లేవలేదు. ఆయన సముద్రం వైపు తిరిగి అడిగాడు.

"తమ్ముడికి మోకాలు ఎట్టుంది?"

పేరమ్మా అటే చూస్తూ జవాబిచ్చింది.

"నడస్తా ఉండాడు బావా."