డాబా మీద పొడవాటి బల్ల

మా మొదటి డైనింగ్ టేబుల్‌ను కె.ఆర్.పురంలో, పాత మద్రాసు రోడ్డు పక్కనున్న పాత సామాన్ల దుకాణంలో కొన్నాం. తొంభైల మధ్యలో సంగతి. అప్పటికి నేను ఒక ఆసుపత్రిలో నర్సును, మా ఆయన బడిలో లెక్కల మాస్టారు. ఇద్దరిదీ బాపట్ల వైపే, ఉద్యోగాల కోసం ఈ కన్నడ నగరానికి వచ్చాం. ఇద్దరం చిన్నప్పుడు ఇంట్లో చాప మీద కూర్చుని తిన్నవాళ్ళమే. బల్లకు ఒక కాలు కాస్త పొట్టి. మా ఆయన దాని కింద సైకిల్ ట్యూబు ముక్క మడిచి పెట్టారు.

బల్లను ముస్తాబు చేయాలన్న సరదా నాకు హాస్టల్లో అంటుకుంది. నేను నర్సింగ్ చదివిన చోట, ఏడాదంతా సాంబారు మరకలతో ఉండే బల్లల మీద క్రిస్మస్ రోజున వార్డెనమ్మ తెల్లగుడ్డలు పరిపించేది. మధ్యలో పూలు, కొవ్వొత్తులు పెట్టించేది. వడ్డించేది రోజూ తినే ఆ ముతక బియ్యం అన్నమే అయినా ఆ రోజు మేమందరం నెమ్మదిగా, ఒకరికొకరం అందిస్తూ తినేవాళ్ళం. నా ఇంట్లో కూడా అలాంటి పూట ఒకటి ఉండాలనిపించేది.

ఆ ఏడు డ్యూటీ పడి ఊళ్ళకు వెళ్ళలేకపోయిన మా వార్డు సిస్టర్లను క్రిస్మస్ భోజనానికి పిలిచాను. వార్డు శుభ్రం చేసే ఆయమ్మను కూడా రమ్మన్నాను. ఆమెది ముళబాగిలు దగ్గర పల్లె. యాభై దగ్గర పడిన మనిషి. పండగ ముందురోజు సరుగుడు కొమ్మలు, తెల్ల చామంతులు తెచ్చుకున్నాను. స్టీలు గ్లాసుల్లో బియ్యం పోసి కొవ్వొత్తులు నిలబెట్టాను. బల్ల అంచు పొడుగునా ఎర్ర రిబ్బను కట్టాను. పండక్కి ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"ఇన్ని పూలు పెడితే కూరగిన్నె ఎక్కడ పెడతావమ్మా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు గుడిలో క్రిస్మస్ ఆరాధన అయి వచ్చాక అందరూ చేరారు. కుర్చీలు చాలలేదు. కొందరు సిస్టర్లు మంచం అంచున, కిటికీ గట్టు మీద సర్దుకున్నారు. ఆయమ్మ అందరికంటే ఆఖర్న అరటిపళ్ళు పట్టుకుని వచ్చింది. ఒక సిస్టర్ లేచి తన కుర్చీ చూపించింది. ఆయమ్మ తల అడ్డంగా ఊపి, పళ్ళెం తీసుకుని, వంటింటి గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. బల్ల దగ్గరికి రమ్మని నేను రెండుసార్లు పిలిచాను.

"నాకు ఈడే బాగుండాది సిస్టర్. మీరు తినండి," అంది.

మేము మళ్ళీ మాటల్లో పడ్డాం. అప్పుడు అత్తయ్య పలావు గరిటె కింద పెట్టింది. తన పళ్ళెంలో తనే వడ్డించుకుంది. వచ్చినప్పటి నుంచి మోకాళ్ళ నొప్పులకు రోజూ నా చేత మందు రాయించుకునే మనిషి, గోడ పట్టుకుని మెల్లగా వంగి, ఆయమ్మ పక్కన కూలబడింది. బల్ల దగ్గరున్న వాళ్ళంతా అటు తిరిగారు. మా ఆయన వెళ్ళి, లేవమ్మా, కుర్చీ ఇస్తానన్నారు. తింటున్నాం గదరా అని అత్తయ్య ఆయన్ని పంపేసి, రాగి ముద్ద ఎలా కెలుకుతారో ఆయమ్మను అడగసాగింది. ఆ తర్వాత బల్ల దగ్గర ఎవరికీ సరిగ్గా తినబుద్ధి కాలేదు. పూలు, కొవ్వొత్తులు అడ్డంగా అనిపించి నేనే ఒక మూలకు జరిపాను.

అందరూ వెళ్ళాక నేను రిబ్బను విప్పుతుంటే అత్తయ్య వచ్చి కుర్చీలో కూర్చుంది. తన చిన్నప్పటి మాట చెప్పింది. ఊళ్ళో ఆసామి ఇంట్లో పెళ్ళయితే ఊరి బయట ఉండే తమ పాలెం వాళ్ళకు పశువుల కొట్టం అవతల విస్తళ్ళు వేసేవారట. అందరివీ అయ్యాక.

"పందిరి ఎంత బాగుండేదో. అరటిచెట్లు, పూలదండలు. దూరం నుంచి చూసేవాళ్ళం. అన్నం బాగానే పెట్టేవాళ్ళు, దానికేం తక్కువ చెయ్యలేదు," అంది. నా చేతిలో రిబ్బను చూసి, "బల్ల ఉంచుకో, నేను కాదనను. వేస్తే అందరికీ వెయ్యి. చాలకపోతే అందరం కిందే కూర్చుందాం," అంది.

గుమ్మంలో నిలబడి వింటున్న మా ఆయనకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఆయన వచ్చి కుర్చీలు సర్దారు.

మరుసటి ఏడు పిలవాల్సిన వాళ్ళు ఇంకా పెరిగారు. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ దగ్గరికి వెళ్ళి, డాబా వాడుకోవచ్చా అని అడిగాను. వాళ్ళు తరాల నుంచి అక్కడివాళ్ళే. బయట కన్నడం, ఇంట్లో తెలుగు. ఆవిడ మర్యాదగా మాట్లాడేది, కానీ మా ఇంట్లో ఎన్నడూ మంచినీళ్ళు కూడా తాగలేదు. దాని గురించి ఆవిడా మేమూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"మిద్దె ఖాళీగానే ఉండాది గదమ్మా. అడిగేదేముండాది?" అంది. పైన గది వేయడానికి తెప్పించిన సెంట్రింగ్ పలకలు కూడా వాడుకోమంది.

పలకలకు అంటుకున్న సిమెంటును మా ఆయన రెండు సాయంత్రాలు గోకారు. ఇటుకలు పేర్చి కాళ్ళు చేశాం. మా డైనింగ్ టేబుల్ ఒక కొసన నిలబెడితే, మిగతాదంతా పలకలు. నీళ్ళ ట్యాంకు నుంచి మెట్ల దాకా ఒకే బల్ల. అత్తయ్య తెల్ల మల్లుగుడ్డ ఒక తాను తెప్పించి అంచులు తనే కుట్టింది. డిసెంబరు గాలికి గుడ్డ ఎగిరిపోతుంటే, కొసల్లో గులకరాళ్ళు ముడివేసి వేలాడదీసింది. కొవ్వొత్తులు నిలవలేదు, తీసేశాం. పూలన్నీ మధ్యలో పోయవద్దని, పళ్ళేనికి ఒకటి చొప్పున పెట్టమంది. ఎన్ని పళ్ళేలో అన్ని చామంతులు. ఇరుగుపొరుగు కుర్చీలు, బడి స్టూళ్ళు, ఇస్త్రీ బల్ల కూడా కూర్చోవడానికి పనికొచ్చాయి.

ఆయమ్మ మెట్ల దగ్గరే ఆగింది. అత్తయ్య వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"నీ పువ్వు అక్కడుంది. రా," అంది.

ఆయమ్మ వచ్చి అత్తయ్య పక్కన కుర్చీలో కూర్చుంది. పళ్ళెం ముందున్న పువ్వు తీసి, ఎవరినీ అడగకుండా, కొప్పులో పెట్టుకుంది. ఎదురుగా ఉన్న సిస్టర్ నవ్వి తనూ పెట్టుకుంది. పలావు వచ్చేలోపు బల్ల మీద ఒక్క పువ్వూ మిగల్లేదు. మగవాళ్ళు తమవి పక్కవాళ్ళకిచ్చారు. నేను అంత శ్రద్ధగా వరస చూసి పెట్టిన అలంకరణ ఆ విధంగా అయిపోయింది. నాకు బాధ కలగలేదు.

మధ్యలో ఓనరమ్మ కమలాపళ్ళ గంప పట్టుకుని పైకొచ్చింది. ఇచ్చి దిగిపోతుందనుకున్నాను. కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"మీ కూరలు నాకొద్దమ్మా. పెరుగన్నం ఉంటే రవంత పెట్టు," అంది.

నేను పెరుగన్నం కలిపి పెట్టాను. ఆవిడ తిని, ఇంకాస్త అడిగింది.

ఆ డాబా మీద చాలా క్రిస్మస్‌లు జరిగాయి. రెండువేలు దాటాక మేము యలహంకలో సొంత ఫ్లాటుకు మారాం. అక్కడ కింద కార్లు బయటపెట్టించి, వాటి చోట బల్లలు వేసేవాళ్ళం. కుందలహళ్ళిలో ఉద్యోగాలు చేస్తూ సెలవు దొరకని మా బంధువుల పిల్లలు కూడా రావడం మొదలుపెట్టారు.

అత్తయ్య ఒక అక్టోబరులో పోయింది. ఆ ఏడు ఎవరినీ పిలవకూడదనుకున్నాను, మా ఆయన కూడా సరేనన్నారు. డిసెంబరు మధ్యలో ఒక సాయంత్రం ఆయమ్మ ఫోన్ చేసింది. అప్పటికే రిటైరయి కూతురి దగ్గర ఉంటోంది. అత్తయ్య గురించి కాసేపు మాట్లాడాం. ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆమె, "ఈతూరి ఎన్ని గంటలకు రావల్ల సిస్టర్? ఉల్లిగడ్డలు తరగను మనిషి ఉండాలి గదా," అని అడిగింది.

పొద్దున్నే రమ్మన్నాను.