తడి నూడుల్స్ వెతుకులాట

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో నా పని వడ్లలో తేమ చూడడం. ట్రాక్టర్ మీంచి గుప్పెడు గింజలు తీసి, చిన్న మిషన్‌లో పోసి, వచ్చిన అంకె చూసి తల అడ్డంగా ఊపడం. "తేమ ఎక్కువుంది పెద్దమనిషీ" అని ధర తగ్గించే ఒక్క మాట మీద నా సంసారం నడుస్తోంది. అలాంటివాణ్ని, పోయిన వానాకాలంలో "తేమ తక్కువుంది తమ్మీ" అంటూ మూడు ఊళ్లలో నూడుల్స్ వండేవాళ్ల వెంట పడ్డాను. నన్ను తిట్టుకునే రైతులెవరైనా అప్పుడు చూసి ఉంటే వాళ్ల కడుపు చల్లబడేది.

కారణం నా భార్య. ఆమెకు మూడో నెల. ఏం తిన్నా నిలవడం లేదు. పోపు చిటపటమంటే చాలు, అన్నం కుక్కర్ ఆవిరి వదిలితే చాలు, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగు. రైస్‌మిల్లుల ఊళ్లో కాపురం ఉంటూ అన్నం వాసన పడకపోతే ఎక్కడికి పోతుంది? మిల్లుల్లో వడ్లు ఉడకబెట్టిన వాసన పొద్దున్నే మా వీధిలోకి వచ్చి చుట్టంలా కూర్చుంటుంది. అది చాలదన్నట్టు సాయంత్రం దాన్నే చొక్కాకు పట్టించుకుని నేనొస్తాను.

"నువ్వు ఆడనే ఉండు. నీ దగ్గర వడ్ల వాసనొస్తున్నది," అని గుమ్మం దగ్గరే ఆపేసేది.

"అది జీతం వాసన," అన్నానొకసారి. నవ్వలేదు. నవ్వే ఓపిక కూడా లేదు.

దవాఖానలో డాక్టరమ్మ ఆమె బరువు చూసి, నా వైపు తిరిగింది, తప్పంతా నాదేనన్నట్టు. "ఇట్లనే తగ్గుకుంట పోతే వచ్చే వారం అడ్మిట్ చేసి సెలైన్ పెట్టాల్సి వస్తది. ఇది మంచిదా, అది మంచిదా అని చూడకండి. కడుపుల ఏది నిలిస్తే అది పెట్టండి."

ఆ రోజు ఇంటికి రాగానే మా అమ్మ కోడలిని మంచం మీద కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు వేసుకుంది. మా అమ్మది త్రిపురారం. అక్కడ కడుపుతో ఉన్నవాళ్ల కోరికంటే ఇంటిల్లిపాదికీ పని పడినట్టే.

"నోరు తెరిచి అడుగు బిడ్డా. ఏం తినబుద్ధి అయితున్నది? చింతకాయనా? మామిడికాయనా? ఏదన్న తెప్పిస్త."

ఆమె కాసేపు కళ్లు మూసుకుంది. "నూడుల్స్, అత్తమ్మా."

మా అమ్మ నా వైపు చూసింది. "గవ్వా? వానపాముల లెక్క ఉంటయి, గవేనా?"

"గవి కాదు. నీళ్లల్ల ఉండేటివి." ఆమె గొంతులో చాలా రోజుల తర్వాత కాస్త ప్రాణం వచ్చింది. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడు, వాన పడ్డ సాయంత్రాలు స్నేహితురాళ్లతో ఒక చిన్న కొట్టుకు వెళ్లేదట. పెద్ద గిన్నె, వేడివేడి పల్చటి చారు, అడుగున నూడుల్స్, పైన ఉల్లికాడలు. నూనె వాసన లేదు, పోపు లేదు. దాని పేరు తుక్పా. హిమాలయాల వైపు వంటకమట.

హైదరాబాద్ దూరం. ఇంట్లో వండుదామంటే వండే వాసనే కదా ఆమెకు శత్రువు. అయినా మా అమ్మ ప్యాకెట్ నూడుల్స్‌లో చెంబెడు నీళ్లు పోసి ప్రయత్నించింది. ఆ మసాలా పొడి పొట్లం చింపిన చప్పుడుకే కోడలు పెరట్లో ఉంది. ఇక బయట వెతకాల్సిందే. వేవిళ్లంటే వెయ్యి ఇళ్లు అనుకునేవాణ్ని చిన్నప్పుడు. ఇళ్లు కాదు, హోటళ్లని అప్పుడు తెలిసింది.

మొదట మా ఊళ్లోనే, మిల్లు నుంచి వచ్చే దారిలో ఉన్న ఫాస్ట్‌ఫుడ్ సెంటర్‌కు వెళ్లాను. పెనం మీద మంట లేచి, గరిటె టకటకలాడుతోంది.

"తమ్మీ, నూడుల్స్ జర నీళ్లు నీళ్లుగ చెయ్యవా?"

వంటాయన గరిటె ఆపాడు. "ఏమన్నవ్ అన్నా?"

"చారు లెక్క. తడిగ."

"నీళ్లు పోసిస్తే రేపు నువ్వే ఊరంత చెప్తవ్, ఈయన నూడుల్స్ మెత్తగ జావ చేసిండని. నా ఇజ్జత్ ఏం గావాలె? గిది సూడు." ఒక నూడుల్‌ను గరిటె చివర పైకెత్తి చూపించాడు. "ఒక్కదానికొకటి అంటుకుంటదా? పొడిపొడిగ ఉంటది."

ఆయన్ని తప్పు పట్టలేను. మెతుకు మెతుకూ విడిగా ఉంటేనే బియ్యం మంచిదనే ఊరు మాది. ఆ లెక్కనే నూడుల్స్‌కూ వేశారు. ఆయన చేసిన ఎర్రటి షెజ్వాన్ నూడుల్స్ అక్కడే నిలబడి తిన్నాను. చెవుల్లోంచి పొగ వచ్చింది గానీ బాగున్నాయి. ఇల్లాలి కోసం వెళ్లినవాణ్ని తిని రావడం ఏమిటంటారా? వట్టి చేతులతో వెళ్లలేక, నిండు కడుపుతో వెళ్లాను.

తర్వాత సూర్యాపేట. మిల్లు పని మీద వెళ్లినప్పుడు ఒక ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్ మెట్లెక్కాను. మెనూ కార్డు మా పెళ్లి ఆల్బమ్ అంత బరువుంది. అందులో సింగపూర్ రైస్ నూడుల్స్ అని కనబడింది. బియ్యంతో చేసినవా అని అడిగితే, అవునన్నాడు వెయిటర్. నాకు ఒళ్లు ఝల్లుమంది. ఇన్నేళ్లూ నా ముందు నుంచి వెళ్లిన గింజల్లో కొన్ని ఎక్కడో పిండై, దారమై, పసుపు పూసుకుని పెళ్లికూతుళ్లలా ఇలా తిరిగొస్తాయని నాకెవరూ చెప్పలేదు. తెప్పించుకున్నాను. సన్నగా, తేలిగ్గా, నోట్లో పెట్టుకుంటే మన సేమ్యా ఉప్మాకు వేలువిడిచిన మేనత్త కూతురిలా అనిపించాయి. పక్క టేబుల్ వాళ్లు చాప్సీ తింటున్నారు. అంటే కరకరలాడే నూడుల్స్ గూడు మీద తియ్యటి ఎర్రటి రసం పోసి ఇస్తారు. పిట్ట గూట్లో ఎవరో టమాటా పులుసు ఒలకబోసినట్టుంది. అదీ తెప్పించి రుచి చూశాను. సంగతి తెలుసుకోవాలి కదా.

"చారులో నూడుల్స్ ఉంటయా?" అని అడిగితే వెయిటర్, "సూప్ సపరేటు, నూడుల్స్ సపరేటు సార్," అన్నాడు.

రెండూ కలిపితే అదే అవుతుందని నాకో ఆలోచన తట్టింది. మంచౌ సూప్, హక్కా నూడుల్స్ విడివిడిగా పార్శిల్ కట్టించుకొచ్చి, ఇంట్లో ఒక గిన్నెలో పోశాను. నల్లటి చిక్కటి సూప్‌లో నూడుల్స్ సగం మునిగి, సగం తేలి, ఎటు పోవాలో తెలియక నిలబడ్డాయి.

ఆమె తొంగి చూసింది. "ఒక్క గిన్నెల పోస్తే కలిసిపోనీకి ఇదేమన్న పెండ్లా?"

"పెండ్లయినంక కూడ కలవనోళ్లున్నరు," అంది మా అమ్మ, ఎవరి గురించో చెప్పకుండా.

ఆ గిన్నె కూడా నా పాలే పడింది. ఆమె తగ్గుతోంది, నేను పెరుగుతున్నాను. వీధిలో ఒకాయన నా పొట్ట చూసి, "నీకెన్నో నెల?" అన్నాడు. నవ్వాను. కానీ రాత్రి ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారడం చూస్తే నవ్వు రాలేదు.

కోదాడ సంగతి మిల్లుకు వచ్చిన ఒక లారీ డ్రైవర్ చెప్పాడు. మేళ్లచెరువు సిమెంట్ తోలేవాడు. హైవే పక్కన కొత్తగా రెస్టారెంట్ పెట్టారనీ, కిచెన్‌లో నేపాల్ వైపు మనిషి ఉన్నాడనీ, "ఏవో గిన్నెలు గిన్నెలు తాగుతుంటరు" అనీ అన్నాడు. ఆ మాటతోనే బండెక్కాను.

కౌంటర్ దగ్గర ఓనర్‌ది ఆంధ్రా సరిహద్దు కోదాడ మాట. "తుక్పా ఉంటుందండీ, ఎందుకుండదు? కూర్చోండి," అన్నాడు. అంత సులువుగా దొరికేసరికి నాకు అనుమానం వచ్చింది. గిన్నె వచ్చింది. ఆమె చెప్పినట్టే ఉంది. అద్దంలాంటి చారు, అడుగున నూడుల్స్, పైన ఉల్లికాడలు, క్యారెట్. పక్కన తినడానికి రెండు పుల్లలు. ఆ పుల్లలతో నేను పడ్డ అవస్థ చూడలేక ఓనరే చెంచా తెచ్చిచ్చాడు. "మొదట్లో అందరూ అంతేనండీ," అన్నాడు దయగా. చారు గొంతులోంచి దిగుతుంటే, అల్లం, మిరియం, మరేదో ఆకు తగిలాయి. ఏ ఆకో అడిగాను, ఎన్నిసార్లు మరిగిస్తారో అడిగాను, నూడుల్ మైదాదా గోధుమదా అడిగాను. నా వాలకం చూసి, పక్కన ఇంకో హోటల్ పెట్టేలా ఉన్నాడనుకున్నాడేమో, ఓనర్ మాటలు తగ్గించాడు.

అప్పుడు ఇంటి సంగతి చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది.

"ఇది పార్శిల్ ఇవ్వమండీ అసలు. కానీ కడుపుతో ఉన్నావిడంటున్నారు. కాదనకూడదు."

ఆ తొందరలో ఆయనా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు. అన్నీ ఒకే డబ్బాలో పోసి కట్టాడు. హుజూర్‌నగర్ మీదుగా, సిమెంట్ లారీల వెనక నత్తలా వచ్చి మూత తీసేసరికి చారు లేదు. నూడుల్స్ మొత్తం తాగేసి, ఉబ్బి, డబ్బా ఆకారంలో గడ్డ కట్టి ఉన్నాయి.

ఆమె చెంచాతో పొడిచి చూసింది. "తుక్పానా, సంకటా?" అని నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది. తినలేదు.

మర్నాడే మళ్లీ వెళ్లాను. చారు వేరు, నూడుల్స్ వేరు. ఈసారి గెలిచామనుకున్నాను. మా అమ్మ చారు పొయ్యి మీద పెట్టింది, కలిపింది, ఇచ్చింది. ఆమె రెండు చెంచాలు ఇష్టంగా మింగింది. మూడోదానికి కిటికీలోంచి మిల్లుల గాలి వచ్చింది. గిన్నె నా చేతికిచ్చి పెరట్లోకి పరుగెత్తింది.

ముఖం కడుక్కుని వచ్చి గోడకు ఆనుకుంది. "అది మంచిగనే ఉంది. ఈ గాలే నాకు పడ్తలేదు. నువ్వు గిన్నెను ఇటు మోసుడు కాదు, నన్ను అటు తీస్కపో."

"మూడో నెలల ప్రయాణమా? ఆ రోడ్డుకా?" మా అమ్మ లేచి నిలబడింది. "లారీలు తిరిగి తిరిగి రోడ్డు సాలు దున్నినట్టుంది. కుదుపులకు ఏమన్న అయితే ఎవరు జవాబు చెప్తరు?"

"ఇంట్ల పండుకుంటే సెలైన్ పెడ్తరు, అత్తమ్మా."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఫోన్ వైపు చూశాను. డాక్టరమ్మకు చేశాను. నెమ్మదిగా పోయి రండి, ఏం కాదంది. అంత మాట విన్నాక కూడా మా అమ్మ ఒక షరతు పెట్టింది: తనూ వస్తుంది, రెండు దిండ్లు వస్తాయి, కారు ఎడ్లబండి కంటే జోరుగా పోకూడదు.

అలాగే పోయాం. నా పాత కారును సైకిళ్లు దాటిపోయాయి. ఊరు దాటి కాలువ గట్టు వచ్చేసరికి ఆమె అద్దం పూర్తిగా దించి, తల బయటికి పెట్టి గాలి పీల్చుకుంది. మా అమ్మ వెనక నుంచి ఆమె చున్నీ కొస పట్టుకునే ఉంది.

రెస్టారెంట్‌లో ఓనర్ మమ్మల్ని చూడగానే ఎదురొచ్చాడు. "వచ్చారా అండీ! అమ్మాయి గారిని ఫ్యాన్ కింద కూర్చోబెట్టండి." మా అమ్మ మాత్రం కూర్చోలేదు. నేరుగా కిచెన్ గుమ్మం దగ్గరికి పోయి, "నాయినా, పోపు పెట్టకు. అల్లం జర తక్కువెయ్యి. నూనె మాటే ఎత్తకు," అంది. అర్థమైందో లేదోనని చేతులతో వాంతి నటించి కూడా చూపించింది. వంటమనిషి బయటికి తొంగి చూసి, మా ఆవిడ దగ్గర కాసేపు చూపు నిలిపి, "లేదు అమ్మ, అస్సలు లేదు," అన్నాడు.

ఆమెకు తుక్పా చెప్పాం. నాకు ఖౌస్వే. కొబ్బరిపాలలో నూడుల్స్, పైన పల్లీలు, వేయించిన ఉల్లిపాయ, నిమ్మకాయ. బర్మా వైపుదట, ఎలా ఉంటుందో చూద్దామని. మా అమ్మ మంచినీళ్లు చెప్పింది.

గిన్నెలు రాగానే నా భార్య తన గిన్నె మీదికి వంగింది. ఆవిరి ముఖాన తగిలింది. మా అమ్మ ఊపిరి బిగబట్టింది. కౌంటర్‌లో ఓనర్ చిల్లర ఇవ్వడం ఆపాడు. గుమ్మంలో వంటమనిషి. నేను జేబులో ప్లాస్టిక్ కవర్ మీద చెయ్యేసి ఉంచాను.

"అందరు నన్నే సూస్తుంటే ఎట్ల తింట?"

అందరం ఒకేసారి తలలు తిప్పాం. మా అమ్మ హైవే మీద బస్సులు చూసింది. నేను మెనూ తలకిందులుగా పట్టుకుని చదివాను. వెనక చప్పుడు వినబడుతోంది. మెల్లగా, తర్వాత కాస్త గట్టిగా, జుర్రు జుర్రుమని. ఆగింది. ఆగడం నాకు నచ్చలేదు. తిన్న తర్వాతే కదా అసలు భయం. ఉన్నట్టుండి కుర్చీ కదిలింది. కవర్ లాగి, తిరిగి చూశాను.

ఆమె గిన్నె ఖాళీగా ఉంది. నిలబడి, టేబుల్‌కు అడ్డంగా చెయ్యి చాపి, నా ముందున్న కొబ్బరిపాల గిన్నె అంచు పట్టుకుని లాగుతోంది.

"నీది గూడ ఇటియ్యి."

నేనింకా ఒక్క చెంచా కూడా తినలేదు. ఖౌస్వే ఎలా ఉంటుందో నాకిప్పటికీ తెలియదు.

"ఇయ్యిరా, ఏం సూస్తున్నవ్?" అంది మా అమ్మ. ఇచ్చాను. ఆమె కూర్చుని నిమ్మకాయ ముక్క పిండి, మళ్లీ గిన్నె మీదికి వంగింది.