నెత్తురు మధ్య పచ్చిపులుసు

నెత్తురు చిమ్మిందంటే చాలు, డాక్టర్ మల్లికార్జునరావుగారికి వంటలు గుర్తొస్తాయి. అదేం జబ్బో మరి! ఎల్బీ నగర్‌లోని ఆ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల ఆపరేషన్లన్నీ ఆయనవే. ఛాతీ తెరిచేదాకా నోరు మెదపరు. రక్తనాళం తెగిందా, "ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?" అని మొదలుపెడతారు.

ఓసారి రోగి బీపీ పడిపోతుంటే, ముద్దపప్పులో ఇంగువ వెయ్యాలా వద్దా అని మత్తు డాక్టరు గంగాధరరావుతో పోట్లాట పెట్టుకున్నారు. ఇంకోసారి ఓ జూనియర్ చేత గుత్తివంకాయ మసాలా మొత్తం అప్పజెప్పించుకున్నారు. తిండిపోతు మహానుభావుడని వెనకాల అందరూ నవ్వేవాళ్లు. అసిస్టెంటు డాక్టరు తేజస్వినికి మాత్రం ఒళ్లు మండేది. మనిషి ప్రాణం పోతుంటే వంకాయలేంటి?

ఆ మంగళవారం బల్ల మీదున్నది జంగయ్య. గడ్డిఅన్నారం మార్కెట్లో ముప్ఫై ఏళ్లు బత్తాయి బస్తాలు మోసి, బీడీలు కాల్చి కాల్చి, ఎడమ ఊపిరితిత్తిలో క్యాన్సర్ తెచ్చుకున్నాడు. బయట బెంచీ మీద భార్య ఐలమ్మ. గడ్డేమో గుండె నుంచి వచ్చే పెద్ద నాళానికి అతుక్కుపోయింది. దాన్ని విడదీస్తున్న తేజస్విని కత్తెర వెంట్రుకవాసి పక్కకి పోయింది.

అంతే, ఛాతీ నిండా నెత్తురు.

"గాజుగుడ్డ పెట్టి వేలితో నొక్కు. ఎత్తి చూడకు," అన్నారాయన. "పైన నాళాన్ని నేను పట్టుకుంటా. ఐదు నిమిషాలు."

నొక్కింది. ఆ వేలు జారితే జంగయ్య లేడు. వేలేమో గజగజా వణుకుతోంది, అంచుల్లోంచి నెత్తురు ఊరుతూనే ఉంది. దేవుడా, నా చేత్తో చంపేశాను, అనుకుంది.

"అవునమ్మా, మీ మన్సూరాబాద్‌లో పచ్చిపులుసు ఎంతసేపు ఉడకబెడతారు?"

ఆమెకు ఏడుపొచ్చింది. "సర్, ప్లీజ్!"

"అరగంట చాలా?"

"ఏంది సర్! పచ్చిపులుసు ఎవరన్న ఉడకబెడ్తరా?"

"పచ్చి వాసన రాదూ? పైగా అందులో నువ్వులు దండగ."

"నువ్వుల పొడి లేకుంటే అది పులుసే కాదు సర్! చింతపండు పిసకాలె, మిరపకాయలు కాల్చాలె, ఉల్లిగడ్డ చేత్తోనే నలపాలె..."

ఆ కోపంలో వంటంతా చెప్పేసింది. చూసుకుంటే వేలు కదలడం లేదు. నెత్తురు ఆగింది. ఈలోగా ఆయన పైనా కిందా నాళాన్ని బిగించేశారు. "ఇక మెల్లగా తియ్యి," అని చిరుగుకి నాలుగు కుట్లు వేశారు. గడ్డ బయటికొచ్చింది.

"పచ్చిపులుసు ఉడకబెడ్తరంట!" చేతులు కడుక్కుంటూ తేజస్విని ఇంకా గొణుగుతూనే ఉంది.

సిస్టర్ అరుణజ్యోతి ఫక్కున నవ్వింది. "సార్‌కు తెల్వదా? పోయిన ఆదివారం బడంగ్‌పేట్‌ల మా ఇంటికొచ్చి మూడు గ్లాసులు తాగిన్రు. ఎవరి చెయ్యి వణికితే వాళ్లనే అడుగుతరు మేడం. కొత్తల నన్ను ఉప్మా అడిగిన్రు."

తేజస్విని కుళాయి కట్టేసి, తన వేలి వంక చూసుకుంది.

డాక్టర్లిద్దరూ బయటికి రాగానే ఐలమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఎట్లున్నడు సారూ?"

"బతికాడమ్మా. లోపల ఓ నాళం చిరిగింది, నెత్తురు బాగా పోయింది. ఆపరేషన్ నాది, ఆ తప్పూ నాదే. ఆపింది మాత్రం ఈ అమ్మాయి వేలు."

ఐలమ్మ ఆ వేలిని రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీ ఏలేనా? గింతే ఉన్నది గద సారూ!"

తేజస్విని ఏడుస్తూనే నవ్వేసింది.