బారాత్‌లో కాలిన జీపు

పోయిన ఏడాది మా అక్క కొడుకు పెళ్లికి, నాంపల్లిలో బారాత్ కోసమని నా పాత జీపు అడిగారు. ముందురోజు మా బావ అబిడ్స్‌లో చవకగా దొరికిన పెద్ద లైట్లు తెచ్చి బంపర్‌కు బిగించి, వైరు తిన్నగా బ్యాటరీకి కలిపేశాడు.

"ఫ్యూజు లేకుండా గట్లెట్ల కలుపుతవ్ బావా? వైరు కాలుతది" అన్నాను.

"ఏం గాదు బామ్మర్దీ! ఒక్క పూట ముచ్చటకు గింత ఫికరేంది?" అని నవ్వాడు.

మర్నాడు సాయంత్రం బారాత్‌లో ఆ లైట్ల వెలుగులో అందరూ తీన్‌మార్ ఆడుతుంటే బానెట్ సందుల్లోంచి పొగ లేచింది. చూస్తుండగానే పైన అలంకరించిన ప్లాస్టిక్ పూలు అంటుకున్నాయి. జీపులో కూర్చున్న మేనల్లుడు పెళ్లికూతుర్ని పట్టుకుని కిందికి దూకేశాడు. పక్క హోటల్ వాళ్లు ఇసుక పోసి మంట ఆర్పారు.

మాడిపోయిన ఇంజిన్ ముందు నేను నిలబడి ఉంటే బావ స్పానర్‌తో వచ్చాడు. సాయానికేమో అనుకున్నాను. పాడవని లైట్లు రెండూ విప్పుకుని, "పాత బండి, వైరింగ్ సూస్కోవాలె గదా!" అని నలుగురూ వినేలా నన్నే అని, బ్యాండు వెంట వెళ్లిపోయాడు.

మొన్న వాళ్లింటికి వెళ్తే ఆ లైట్లు ఆయన కొత్త కారుకు ఉన్నాయి. గర్వంగా బానెట్ ఎత్తి చూపించాడు. ఈసారి ఫ్యూజు పెట్టించుకున్నాడు.