ముసుగాయన ఊరికొక్కడే

కర్నూలు ఎండలో ఒంటి మీద చొక్కా ఉంచుకోవడమే గగనం. అలాంటి ఎండలో నేను ఏళ్ళ తరబడి స్పాంజి, రబ్బరు తొడుక్కుని నిలబడ్డాను. నెత్తిన ఫైబరు ముసుగు. దానికి కళ్ళ దగ్గర రెండు చీలికలు, వాటికి నల్లజాలీ. ముక్కు మీద దురద పుడితే పుట్టిందే, గోక్కునే దారి లేదు. వీపు మీద మెడ నుంచి నడుము దాకా ఒకటే జిప్పు. అది నా చేతికి అందదు, అది తీస్తే తప్ప ముసుగూ ఊడదు. ఇంకొకరు వచ్చి లాగితే తప్ప నేను బయటికి రాలేను.

అప్పట్లో టీవీలో పిల్లలు అన్నం మానేసి చూసే ముసుగు వీరుడొకడు ఉండేవాడు. మా ఊళ్ళో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు, ముసుగాయన అనేవాళ్ళు. హైవే పక్కన పిల్లల పార్కులోకి టిక్కెట్టు కొని వస్తే జెయింట్ వీల్ ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉండే ముసుగాయన నేనే.

మాది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. మగ్గాలు నిద్రపోయాక నేను కర్నూలొచ్చి బట్టలంగట్లో చేరాను. తెల్లటి పరుపు మీద కూర్చుని ఆడవాళ్ళ ముందు పట్టుచీరలు విప్పి పరవడం నా పని. పైన ఫ్యాను, పక్కన కూజా. అంతకన్నా సుఖం ఉంటుందని నాకు తెలియదు. అంగడి ఇద్దరు అన్నదమ్ములది. అన్నను పెద్దశెట్టి అనేవాళ్ళం, తమ్ముణ్ణి చిన్నశెట్టి అనేవాళ్ళం. వాళ్ళు వేరుపడ్డారు.

శెట్ల పంపకాల్లో ఒక పద్ధతి ఉండేది. అమ్మవారి గుళ్ళో కులపెద్దల ముందు కూర్చుని పంచుకుంటారు. సరుకు ఎవరి వంతుకు పోతే ఆ సరుకు చూసే మనిషీ వాళ్ళకే పోతాడు. పట్టుచీరలు పెద్దశెట్టికి వచ్చాయి, కాబట్టి నేనూ పెద్దశెట్టికే వచ్చాను. చీరల్ని ఎవరూ అడగలేదు, నన్నూ అడగలేదు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. పాత శెట్టి 'సరే' అననిదే ఆ మనిషిని బజారులో ఏ శెట్టీ పనిలో పెట్టుకోడు. అప్పుడు నాకిది పెద్ద విషయంగా తోచలేదు. ఫ్యాను కింద కూర్చున్నవాడికి ఏదీ పెద్దగా తోచదు.

ఊరి బయట హైవేకి ఈ పక్క ఒకరికి, ఆ పక్క ఒకరికి బీడు పొలం వచ్చింది. పెద్దశెట్టి తన పొలంలో పిల్లల పార్కు పెట్టాడు. నెల తిరగకుండానే చిన్నశెట్టి ఎదురుగా తనదీ పెట్టాడు. ఈయన రంగులరాట్నం పెడితే ఆయన దానికన్నా ఎత్తుది పెట్టాడు. ఈయన చిన్న రైలు వేస్తే ఆయన రైలుకు కూత కూడా పెట్టించాడు. చివరికి చిన్నశెట్టి ఒక మనిషికి ఎర్ర తువ్వాలు కట్టి, అట్టముక్క ముసుగు తగిలించి, ముసుగాయన వచ్చాడని మైకులో అరిపించాడు. జనం ఎగబడ్డారు.

పెద్దశెట్టికి కడుపు మండింది. ఆయన తువ్వాలు కట్టే రకం కాదు. బొంబాయిలో ముసుగాయన బొమ్మ మీద హక్కున్న కంపెనీని వెతుక్కుంటూ పోయి, దుడ్లు కట్టి, అనుమతి కాగితం తెచ్చుకున్నాడు. అంతా ఇంగ్లీషే. వకీలును పిలిపించి అంగట్లో చదివించుకున్నాడు. ముసుగాయన ఊరికొక్కడే. ఒక ఊళ్ళో రెండు పార్కులకు ఇవ్వరు. ముసుగాయన మాట్లాడకూడదు. నడుము మీద చేతులు, పైకెత్తిన పిడికిలి, ఒక మోకాలి మీద కూర్చోవడం, ఈ మూడు భంగిమలు తప్ప నాలుగోది వేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, జనం ముందు ముసుగు తీయకూడదు. తీస్తే ఒప్పందం రద్దు, ఆ హక్కు అడిగిన ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు.

మర్నాడే చిన్నశెట్టికి నోటీసు పోయింది. తువ్వాలాయన మాయమయ్యాడు. చిన్నశెట్టి వేరే కంపెనీ దగ్గర కొమ్ముల వీరుడొకణ్ణి తెచ్చుకున్నాడు గానీ, పిల్లలు వాణ్ణి దున్నపోతనుకుని ఏడ్చారు.

బొంబాయి నుంచి వేషం వచ్చింది. పొడుగ్గా, సన్నగా ఉండే మనిషికి కుట్టింది. అంగట్లో అందరికీ తొడిగి చూశారు. ఒకడికి పొట్ట అడ్డొచ్చింది, ఒకడికి కాళ్ళు చాలలేదు. నాకు మాత్రం దర్జీ కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. నా ఒళ్ళు నాకు అంత ద్రోహం ఇంకెప్పుడూ చేయలేదు.

"కొన్నాళ్ళేలేప్పా," అన్నాడు పెద్దశెట్టి. "నీకు పెండ్లి కుదిరిందంటే మళ్ళా అంగట్లో కూచోబెడతా. పెండ్లైనోనికి వేషమేంది, బాగుండదు."

ఆ మాటే నాకు తలుపు. పెళ్ళి కుదరాలి, బయటపడాలి. కుర్రవాళ్ళు పెళ్ళాం కోసం పెళ్ళి కోరుకుంటారు, నేను ఫ్యాను కోసం కోరుకున్నాను.

పొద్దున జిప్పు వేసేది, సాయంత్రం తీసేది గేటు దగ్గర టిక్కెట్లు చింపే సాయిబు. నాకన్నా చాలా పెద్దవాడు. మధ్యాహ్నం ఎప్పుడైనా సందు దొరికితే నన్ను నీళ్ళ ట్యాంకు వెనక్కి తీసుకుపోయి, కొంచెం జిప్పు తీసి, విసనకర్రతో విసిరేవాడు. వీపంతా చెమటకాయలు చూసి "అల్లా, ఏం ఒళ్ళిది, తమ్ముడూ" అని నాలుక చప్పరించేవాడు. తర్వాత అదీ పోయింది. చిన్నశెట్టి మనిషొకడు రోజూ టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, మెడలో కెమెరా వేసుకుని, బెంచీ మీద బొరుగులు నములుతూ నన్నే చూస్తుండేవాడు. నేను ముసుగు తీసినప్పుడు ఒక్క ఫొటో దొరికితే చాలు, హక్కు రోడ్డు దాటుతుంది. ట్యాంకు వెనక్కి పోతే అక్కడికీ వచ్చేవాడు. పెద్దశెట్టి నాకు ఆ విసనకర్ర గాలి కూడా బంద్ చేశాడు.

ఇలా ఉండగా మా మేనమామ ఒక సంబంధం తెచ్చాడు. జమ్మలమడుగు వైపు వాళ్ళు, మాలాగే మగ్గాలవాళ్ళు. అబ్బాయి పట్టుచీరల అంగట్లో ఉన్నాడని చెప్పాడు. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. మా వాళ్ళలో మాట ఖాయం చేసుకునే ముందు పిల్ల తండ్రి చెప్పకుండా వెళ్ళి, అబ్బాయిని పని చేసే చోట చూసి వస్తాడు. ఇంట్లో తలదువ్వుకుని కూర్చున్నవాణ్ణి చూస్తే ఏం తెలుస్తుంది? పనిలో ఉన్నప్పుడే మనిషి గుణం బయటపడుతుందని లెక్క. ఆయన ఒక ఆదివారం అంగడికి వెళ్ళాడు. అక్కడివాళ్ళు పార్కుకు పొమ్మన్నారు.

నా ముందు ఫొటో కోసం పిల్లల వరస బారుగా ఉంది. సాయిబు గేటు నుంచి పరుగున వచ్చి నా చెవి దగ్గర, అంటే ఫైబరు దగ్గర, గొణిగాడు. "తమ్ముడూ, నీకు కాబోయే మామగారు వచ్చినాడు. పిల్ల గూడా వచ్చింది, అక్క పిల్లోళ్ళను తోలుకోని. నువ్వు యాడుండావని అడిగితే నిన్నే చూపించినా. ఏం చేసేది?"

పెద్దశెట్టి అక్కడే ఉన్నాడు. సాయిబు పోయి ఆయన్ని బతిమాలాడు, ముసుగు తీయడానికి కాసేపు గదిలోకి పంపమని. "ఆదివారం పూట ముసుగాయన లేకపోతే జనం రాళ్ళేస్తారు," అన్నాడు పెద్దశెట్టి. "సాయంత్రం దంకా ఉండమను. అప్పుడు నేనే పిలిచి కాఫీ ఇప్పిస్తా." వాళ్ళ ఊరి బస్సు సాయంత్రం దాకా ఆగదు. బెంచీ మీది కెమెరా మనిషి బొరుగుల పొట్లం పక్కన పెట్టాడు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఆయన వచ్చి నా ముందు నిలబడ్డాడు. భుజాన కండువా, చేతిలో గుడ్డసంచి. కింద నుంచి పై దాకా చూశాడు.

"ఏమప్పా, నువ్వేనా?" అన్నాడు.

ముసుగాయన మాట్లాడకూడదు. నేను నడుము మీద చేతులు పెట్టుకుని ఛాతీ పొంగించి నిలబడ్డాను. కాబోయే మామగారి ముందు ఎవడైనా అలా నిలబడతాడా?

"మాట రాదా?" అన్నాడు ఆయన. నేను పిడికిలి పైకెత్తాను. ఆ మూడింట్లో కాస్త మర్యాదగా ఉన్నది అదే అనిపించింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"పదమ్మా, పోదాం," అన్నాడు కూతురితో. "అంగడన్నారు, వేషమేసినాడు. ముఖమే చూపియ్యనోనికి పిల్లనెట్ల ఇచ్చేది?"

జాలీలోంచి ఆయన వీపు కనిపించింది. ఆ వీపుతో పాటే నా పరుపు, నా ఫ్యాను, నా కూజా పోతున్నాయి. ఏడుపొచ్చింది. ముసుగులో ఏడిస్తే తుడుచుకునే దారి కూడా ఉండదు.

ఆ అమ్మాయి పోలేదు. అక్క పిల్లలు ఫొటో కావాలని మొండికేస్తే వాళ్ళను నా దగ్గరికి తోసింది. చిన్నపిల్లలకు ముసుగాయన ఒక మోకాలి మీద కూర్చోవాలి, అది మూడో భంగిమ. కూర్చున్నాను. నా వీపు ఆమె వైపు వచ్చింది.

"నాయన మాటకు బాధపడొద్దు," అంది వెనక నుంచి మెల్లగా. "అంత ఉడుకులో ఎట్లుండావు? దీనికి జిప్పు యాడుండాది?"

నేను చెప్పాల్సిన పని లేకపోయింది. మెడ దగ్గర ఆమె వేళ్ళు తగిలాయి. సర్రున కిందికి లాగింది. వీపుకు గాలి తగిలింది. హైవే మీంచి వచ్చే దుమ్ముగాలే అది, నిప్పులాంటి గాలి. అయినా అంత చల్లటి గాలి నేను ఎరగను. చేతులు వాటంతటవే పైకి లేచి ముసుగును తోసేశాయి. ఆమె ముఖం జాలీ లేకుండా కనిపించింది. నేను నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు, నవ్వొచ్చింది.

టక్కుమని ఫొటో పడింది.

"ఓరి, వీడు మనిషేరా!" అని వరసలో ఒక పిల్లవాడు అరిచాడు. పిల్ల తండ్రి వెనక్కి తిరిగి వచ్చి నన్ను తేరిపార చూశాడు. చెమటతో ఉడికిన ముఖం, నుదుటి మీద పొక్కులు. "పాపం, ఆరోగ్యం చెడగొట్టుకుంటాండాడు," అన్నాడు. తిరుగు బస్సులో ఆ అమ్మాయి తనకు సమ్మతమేనని చెప్పిందట. వారంలో మాట ఖాయమైంది. నేను ఎగిరి గంతేశాను.

ఫొటో బొంబాయి చేరింది. ఒప్పందం రద్దయింది. చిన్నశెట్టి అప్పటికే అర్జీ పెట్టుకుని ఉన్నాడు, హక్కు ఆయనకు వచ్చింది. పెద్దశెట్టి నన్ను ఒక్క మాటా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అన్నదమ్ములు మళ్ళీ గుళ్ళో కూర్చున్నారు. వేషం ఎవరిది, దానికెంత అని తేల్చుకున్నారు. వేషం రోడ్డు దాటాలని పెద్దలు చెప్పారు. వేషంతో పాటు దాని మనిషి కూడా.

"అయ్యా, పెండ్లి కుదిరితే అంగట్లో కూచోబెడతానంటిరి," అన్నాను.

"నా ముసుగాయనవైతే కూచోబెట్టేవాణ్ణి," అన్నాడు పెద్దశెట్టి. "ఇప్పుడు నువ్వు వాని సరుకు. నేనెట్ల తీసుకునేది?"

చిన్నశెట్టిని అడిగితే, ఆ వేషం ఇంకెవరికీ పట్టదు, నిన్ను పోనివ్వనని చెప్పాడు. ఆయన సరే అననిదే బజారులో నాకు పని లేదు. ఎమ్మిగనూరులో మగ్గం లేదు. పెళ్ళికి పత్రికలు పంచేశారు. ముసుగాయన మీద హక్కుకు బొంబాయి నుంచి కాగితం తెచ్చుకోవాల్సి వచ్చింది, నా మీద హక్కుకు కాగితమే అక్కర్లేకపోయింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

పెళ్ళికి ఆ కెమెరా మనిషి వచ్చి ఫ్రేము కట్టించిన ఫొటో ఒకటి చదివించాడు. ఆ ఫొటోనే. మోకాలి మీద నేను, చేతుల్లో ముసుగు, వెనక ఆమె. మా ఇంట్లో పెళ్ళి ఫొటోల కంటే పైన అదే ఉంటుంది. "ఈడ నవ్వుతాండావు సూడు," అంటుంది మా ఆవిడ. "మళ్ళా అట్ల నవ్వింది నేను సూళ్ళా."

చిన్నశెట్టి అన్నలాగా మాటలు నమ్ముకునే మనిషి కాదు. నేను రోడ్డు దాటిన రోజే పెట్టెలకు వేసే చిన్న తాళమొకటి తెచ్చి జిప్పు కొసకు వేయించాడు. బీగం అంటాం మా వైపు. దాని చెవి ఆయన గల్లాపెట్టెలో ఉండేది. సాయిబు అవతలి పార్కులో ఉండిపోయాడు, అప్పుడప్పుడు గేటు దగ్గర నిలబడి దూరం నుంచి చెయ్యి ఊపేవాడు. నేను పిడికిలి ఎత్తేవాణ్ణి.

పెళ్ళైన మొదటి ఆదివారం మా ఆవిడ టిక్కెట్టు కొనుక్కుని వచ్చింది. అందరితో పాటు వరసలో నిలబడింది. తన వంతు రాగానే నేను మోకాలి మీద కూర్చున్నాను. ఆమె నా వెనక్కి వచ్చింది. మెడ దగ్గర వేళ్ళు తగిలాయి, వెతికాయి, ఆగిపోయాయి.

"బీగంచెవి యాడుండాది?" అంది.

వెనక వరసలో పిల్లలు తొందరపెడుతున్నారు. ముసుగాయన మాట్లాడకూడదు. నేను మాట్లాడలేదు.