బావ టైముకొచ్చిన రోజు

మా బావ సిటీ బస్సు డ్రైవరు. నగరం పెరుగుతూ పెరుగుతూ ఆఖరికి ఆగిన చోట మా కాలనీ ఉంటుంది. అక్కణ్ణుంచి పెద్ద రోడ్డు దాకా తిరిగే బండి ఆయనదొక్కటే. ఒకప్పుడు అక్కడ రాళ్ళగుట్టలు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు బట్టలు కుట్టే ఫ్యాక్టరీ, గోదాములు, అపార్టుమెంట్లు, వాటిలో పనిచేసేవాళ్ళు ఉండే రేకుల గదులు. ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారో అడిగే తీరిక ఎవరికీ లేదు, అందరికీ పొద్దున్నే పని.

బావకి ఒక జబ్బుంది, ఎవర్నీ వదిలేసి వెళ్ళలేడు. దూరంగా ఎవరిదో చెయ్యి ఊగితే చాలు, బ్రేకు వేసేస్తాడు. వాచ్‌మన్ తాత కాళ్ళీడ్చుకుంటూ వచ్చేదాకా ఆగుతాడు. గోదాములో మూటలెత్తేవాళ్ళు పరుగెత్తుకొచ్చేదాకా ఆగుతాడు. నేను జడ వేసుకునేదాకా కూడా ఆగుతాడు, ఎందుకంటే నేను ఆయన మరదల్ని, కుట్టు ఫ్యాక్టరీకి ఆ బస్సులోనే పోతాను. ఇలా ఆగీ ఆగీ స్టాపుల్లో బోర్డు మీది టైము ఒకటి, బావ టైము ఒకటి అయిపోయాయి. రెండింటికీ మధ్య పావుగంట పైనే తేడా. కాలనీలో ఎవరూ బోర్డు వంక చూడనైనా చూడరు.

అలాంటి రోజుల్లో సర్వే వచ్చి పడింది. ఏ పేటలో ఎంతమంది ఉంటున్నారు, ఏ పనికి ఎటు పోతున్నారు అని లెక్క తీస్తారట. జనం లేని రూటు ఎత్తేస్తారట. మా రూటు ఎత్తేస్తే బావని నగరానికి ఆ కొసనున్న డిపోకి మార్చేస్తారు. ఇక వారానికి ఒక్కరోజే ఇంటికి రాక. మా అక్కకేమో నెలలు నిండుతున్నాయి. అమ్మ లేదు, అత్తగారూ లేరు. "పోతే పో, నేనేమైనా చిన్నపిల్లనా?" అని పైకి కసురుతుంది గానీ, దానికి లోపల ఎంత భయమో నాకు తెలుసు. నిద్ర లేక కళ్ళు లోతుకు పోయాయి.

సర్వే రోజు పొద్దున అక్క నన్ను బావ వెంట తరిమింది. "ఆయన అసలే కంగారు మనిషి, పక్కనే ఉండవే," అంది. బావ ఇస్త్రీ చొక్కా తొడిగాడు. సర్వే అమ్మాయి ట్యాబ్ పట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. బోర్డు మీద రాసిన నిమిషానికి బండి కదిలింది.

మొదటి స్టాపులో ఒక్కరూ లేరు. రెండో స్టాపూ ఖాళీ. గోదాముల మలుపు దగ్గర కుక్క ఒకటి పడుకుని ఉంది.

"ఇక్కడ అసలు జనమే లేరేంటండీ?" అంది ఆ అమ్మాయి.

బావ మెడ మీద చెమటలు కారుతున్నాయి. "ఏమైపోయారే వీళ్ళంతా?" అన్నాడు నాతో, ఏడుపు గొంతుతో.

నాకప్పుడు వెలిగింది. "కొంప ముంచావు కదా బావా! నువ్వు టైముకొచ్చావు!"

బావ బండి పక్కకి ఆపాడు. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి, "అమ్మా, వెనక్కి తిప్పుతాను," అన్నాడు.

"మధ్యలో తిప్పడానికి రూల్స్ ఒప్పుకుంటాయా?"

"ఒప్పుకోవమ్మా," అని తిప్పేశాడు.

మొదటి స్టాపు నుంచి మళ్ళీ మొదలుపెట్టేసరికి రోడ్డంతా జనం. బస్సు ఎక్కడం కన్నా ముందు తిట్లు లంకించుకున్నారు.

"చెప్పాపెట్టకుండా టైముకి రావడమేంటయ్యా? మేము మనుషులం కాదా?" అంది మా ఫ్యాక్టరీ సూపర్‌వైజరమ్మ.

"బుద్ధుందా నీకు? ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఇలాంటి పని చేశావా?" అన్నాడు వాచ్‌మన్ తాత.

తిట్టేకొద్దీ బావ మొహం విచ్చుకుంటోంది. గోదాముల మలుపు దాటేసరికి ఫుట్‌బోర్డు మీద కూడా చోటు లేదు. సర్వే అమ్మాయి ట్యాబ్‌ని నెత్తి మీద పెట్టుకుని, "మెల్లగా ఎక్కండి, నన్ను లెక్కపెట్టుకోనివ్వండి!" అని అరుస్తోంది.

"లెక్క తర్వాత చూద్దువుగానీ, ముందు నా కాలు మీంచి నీ కాలు తియ్యి తల్లీ," అంది పక్కావిడ. బస్సంతా ఘొల్లుమంది.

కొన్నాళ్ళకి ఆర్డరు వచ్చింది. మా రూటు ఉంటుంది, తోడుగా ఇంకో బస్సు కూడా వేస్తారు. అడక్కుండా బండి తిప్పినందుకు మాత్రం బావకి ఒకరోజు జీతం కోత. హమ్మయ్య, ఇంతటితో పోయింది అనుకున్నాను.

ఇంటికొచ్చి బావ అదంతా ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు. అక్క గోడకి జారగిలబడి కూర్చుని వింటోంది. ఇంకో బస్సు సంగతి పట్టించుకోలేదు, జీతం సంగతీ పట్టించుకోలేదు.

"అయితే నా పురిటికి నువ్వు ఇక్కడే ఉంటావుగా?" అంది.

"ఉంటానే."

అక్క కళ్ళు తుడుచుకుని మళ్ళీ అదే అడిగింది. బావ మళ్ళీ చెప్పాడు.