ఐసు మీద దిగిన సమాధి పలక

తింజాన్ నీళ్ళ పండుగ సెలవులు ముగిసిన మొదటి సోమవారం నన్ను మనవాళ్ళు రంగూన్ అనే యాంగోన్ నడిబొడ్డున ఉన్న ఒక పాత చర్చి ఆవరణకు పంపారు. అప్పటికి నేను బరువులెత్తే కంపెనీలో రిగ్గింగ్ సూపర్‌వైజర్ని. ఏ బరువును ఏ తాడుతో, ఎక్కడ పట్టి, ఏ వరసలో కదపాలో నిర్ణయించి, పని పూర్తయ్యేదాకా జవాబుదారీగా ఉండటం నా ఉద్యోగం. మా తాత ఇక్కడి రేవులో మూటలు మోశాడు, నాన్న అదే రేవులో క్రేనుకు తాళ్ళు కట్టాడు. నాకు మాత్రం ఊరి శివారు లైంగ్‌థార్యార్‌లోని బట్టల ఫ్యాక్టరీల్లో బాయిలర్లు దించడమే ఎక్కువ పని. సమాధుల జోలికి ఎప్పుడూ పోలేదు.

ఆవరణ నిండా ఇంగ్లీషు దొరల కాలం నాటి రాళ్ళే. రెక్కలున్న పాప తలలు, పూలకుండలు, లంగర్లు చెక్కిన నిలువు రాళ్ళు తలో పక్కకీ ఒరిగి ఉన్నాయి. నన్ను పిలిచింది ఒక పెట్టె సమాధి కోసం. నాలుగు పక్కలా రాతి గోడలు, పైన మూతలాగా ఒకే పలక. పలక మీద తెరచాపలెత్తిన ఓడ, అంచు చుట్టూ పేనిన తాడు చెక్కారు. తాళ్ళతో బతికినవాణ్ణి కనుక ముందు ఆ తాడునే చూశాను. ప్రతి పేటా సరైన వాటంలో తిరిగింది, ఒక చోట అతుకు కూడా ఉంది. చెక్కినవాడెవరోగానీ తాడును చేత్తో పట్టి చూసిన మనిషి. నాకు భలే ముచ్చటేసింది.

రావి వేరు లోపలికి దూరి గోడల్ని నెట్టేసింది. పలక ఒక పక్కకు జారి, మధ్యలో అడ్డంగా పగిలింది. వానలు పడేలోపు సరిచెయ్యలేకపోతే ఎవరి మీదైనా పడుతుందని, పలకను ముక్కలు చేసి బాటకు పరిచేయాలని చర్చి కమిటీ తీర్మానించింది. ఆవరణ చూసుకునే డో మ్యా తిన్ అనే పెద్దావిడకు అది మింగుడుపడలేదు. ఆ రాళ్ళను ఏళ్ళ తరబడి మెత్తని కుంచెతో, మంచినీళ్ళతో కడిగిన మనిషి ఆవిడ. కమిటీని బతిమాలి మమ్మల్ని పిలిపించింది.

ఎత్తడం సాఫీగా జరిగింది. పగులుకు పైనా కిందా చెక్క దుంగలు బిగించి, ఇనుప చట్రం నిలబెట్టి, వెడల్పాటి బెల్టులు వేసి చెయిన్ పులీతో లేపాం. తాపీ కాంట్రాక్టరు వేరు తీయించి గోడలు తిరిగి కట్టించాడు. చిక్కంతా దించడం దగ్గర వచ్చింది. గోడల పైన సన్నని గాడి ఉంది, పలక అడుగున ఉన్న గట్టు అందులో కూర్చోవాలి. సందు ఉండదు కనుక బెల్టులు కింద ఇరుక్కుపోతాయి. గునపం పెట్టి లేపితే తాడంచు చిట్లుతుంది, ఒక మూల ముందు దిగితే పగులు దగ్గర పలక రెండవుతుంది.

బెల్టులు దూరేంత మేర నాలుగు చోట్ల అంచు కోసేద్దామని కాంట్రాక్టరు సలహా ఇచ్చాడు. డో మ్యా తిన్ నా వైపు తిరిగి, బర్మావాళ్ళ మర్యాద ప్రకారం నా పేరుకు ముందు "ఊ" చేర్చి, "ఊ అప్పన్నా, ఆ తాడు కోయడమూ రాయిని ముక్కలు చెయ్యడమూ నాకు ఒకటే" అంది. నాకూ అంతే. మర్నాటిదాకా గడువు అడిగాను.

పొద్దున్నే చిమిండైంగ్ చేపల బజారు నుంచి ఐసు దిమ్మలు తెప్పించాను. లైంగ్‌థార్యార్‌లో ఒకసారి ఇరుకు గుంటలోకి బాయిలరు దించిన పద్ధతి ఇది. దిమ్మల మీద బరువు నిలిపి, మధ్యలోంచి బెల్టులు లాగేసి, ఐసు కరుగుతుంటే బరువును తనంతట తనే దిగనివ్వాలి. నాతో కలిసి పనిచేసే మా బావ సింహాచలం నోరెళ్ళబెట్టాడు.

"ఏటి బావా, సేపల ఐసు మీద దొరగారి రాయెడతావేటి? పరువు పోద్ది!"

"ఎవలి పరువు?"

"నీదే. దొరగారికేటి, పోయినోడే కదా!"

పలక పక్కలకు జారకుండా చుట్టూ గోనె చుట్టిన గుంజలు పాతించి, గోడల మీద దిమ్మలు పేర్చి, పలకను వాటిపై ఆనించి, బెల్టులు లాగేశాం. అక్కణ్ణుంచి మా చేతిలో ఏమీ లేదు. రసమట్టం పలక మీద పెట్టి దాని బుడగనే చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం దాటి ఎండ అటు తిరిగాక పడమటి మూల తొందరగా దిగసాగింది. బుడగ జరిగింది, పగులులోంచి రాతిపొడి రాలింది. పడమటి మూలకు టార్పాలిన్ కట్టి, తడి ఊక కూరించాను. తూర్పు పక్క కరుగుడు పెంచాలి. ఫ్యాక్టరీలో అయితే ఉప్పు చల్లేవాళ్ళం, కానీ ఉప్పు రాతిని తినేస్తుంది. గోరువెచ్చని నీళ్ళు కావాలన్నాను. డో మ్యా తిన్ టీ కెటిల్‌తో నీళ్ళు కాచి తెచ్చి, నేను చూపిన దిమ్మ మీద తానే సన్నగా ధార పోసింది. కాంట్రాక్టరు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. బుడగ మెల్లగా మధ్యకు వచ్చింది.

మబ్బు పట్టే వేళకు పలక గాడిలోకి దిగింది. చప్పుడైనా కాలేదు. సింహాచలం కిళ్ళీ పొట్లం కాగితం అంచు సందులోకి తోయబోయాడు, ఎక్కడా దూరలేదు. దుంగలు విప్పితే పగులు వెంట్రుకవాసి కూడా పెరగలేదు, తాడు చుట్టూ చెక్కుచెదరకుండా ఉంది. డో మ్యా తిన్ ఆ అంచు మీద చెయ్యి ఆనించి సమాధి చుట్టూ ఒక చుట్టు నడిచింది. "కమిటీని ఇప్పుడే పిలుస్తాను, వచ్చి చూసుకోనీ" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా ఆఫీసు వైపు వెళ్ళింది. కాంట్రాక్టరు వచ్చి నా చెయ్యి పట్టి ఊపాడు. నా ఉద్యోగం మొత్తంలో అంత గర్వపడిన రోజు ఇంకొకటి లేదు. బాయిలర్లు ఎన్ని దించినా ఎవరూ వాటిని నిమిరి చూడలేదు.

అంతకుముందు నా ప్రణాళికలన్నీ ఎత్తడంతో మొదలయ్యేవి, దించడం అక్కడికక్కడ చూసుకునేవాణ్ణి. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, ఎలా దించాలో తేలకుండా ఏ బరువునూ నేల వదలనివ్వలేదు.